పెద్దమ్మగారు రాయించిన అద్దె కాగితం

మొన్న సోమవారం ఉదయం డ్యూటీలో ఉండగా అమలాపురం నుంచి పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. "పెద్దమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరమ్మా. నిద్దట్లోనేనంట," అన్నారు. చేతిలోని సెలైన్ సీసా పక్కన పెట్టి వార్డు మెట్ల మీద కూలబడి ఏడ్చాను. తోటి నర్సులు ఏమవుతారని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. కాగితం ప్రకారం ఆవిడ ఇంటి యజమానురాలు, నేను అద్దెకున్నదాన్ని. ఆ కాగితం సంగతే మీకు చెప్పాలి.

పెళ్ళయిన రెండేళ్ళకే నేను భర్త నుంచి విడిగా వచ్చేశాను. మామిడికుదురులో పుట్టింటివాళ్ళు సర్దుకుపొమ్మన్నారు. నేను సర్దుకోలేదు. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేరి గది వెతుక్కున్నాను. అందరూ ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేవారు. "మీవారేం చేస్తారండీ?" అనే ప్రశ్న దగ్గర మాత్రం ఖాళీగా ఉన్న గది కాస్తా ఎవరో బంధువులకి మాటిచ్చిన గదైపోయేది.

ఆరో ఇల్లు పెద్దమ్మగారిది. రిటైరైన టీచరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. నా కథంతా విని, "డ్యూటీ ఎన్నింటికి?" అని మాత్రం అడిగారు. చెప్పాను. "అయితే ఏడింటికల్లా నీళ్ళు పట్టేసుకోవాలి, తర్వాత మోటారు వెయ్యను. మేడమ్ అనకు, పెద్దమ్మా అను. ఎవరైనా అడిగితే కాట్రేనికోనలో మా చెల్లెలు లేదూ, దాని కూతురివి." అంతే. కాగితం లేదు, హామీ లేదు. "అబద్ధమాడకూడదు" అని బడిలోనూ సండే స్కూల్లోనూ వందలమంది పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి, నా కోసం కాస్త కూడా తడుముకోకుండా అబద్ధమాడేశారు.

అలాగని ముద్దుచేశారనుకునేరు! ఆవిడ నోటికి జడిసి పాలవాడు కూడా గేటు దగ్గర గొంతు సవరించుకునేవాడు. నేనోసారి ఫ్యాను ఆపకుండా డ్యూటీకి వెళ్ళిపోయాను. రెండో తాళంచెవి తన దగ్గరున్నా, అద్దెకిచ్చిన గదిలోకి చెప్పకుండా అడుగుపెట్టడం ఆవిడకి మహాపాపం. ఏం చేశారంటారా? ఫ్యూజు పీకేశారు. ఇల్లంతటికీ ఒకటే మీటరు. నేనొచ్చేసరికి అరుగు మీద చెమటలు కక్కుతూ, అట్టముక్కతో విసురుకుంటూ కూర్చున్నారు. "వచ్చేవా తల్లీ? నీ ఫ్యానుకి సుఖంగా ఉందో లేదో చూసిరా," అన్నారు. నవ్వితే తిడతారని లోపలికెళ్ళి నవ్వుకున్నాను. ఆ పూట చింతచిగురు వేసి వండిన రొయ్యల కూర గిన్నెలో పెట్టి తలుపు తట్టారు. తన ఇంటి తలుపే అయినా ఎప్పుడూ తట్టేవారు.

మూడేళ్ళు అలా గడిచాయి. ఆ మధ్యలో ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, పిలుపు ఉత్తరం నా ఆధార్‌లో ఉన్న అత్తవారింటి చిరునామాకి వెళ్ళింది. వాళ్ళు దాన్ని నా దాకా రానివ్వలేదు. మళ్ళీ నోటిఫికేషన్ పడింది. ఈసారీ పోతే నా వయసు దాటిపోతుంది. చిరునామా మార్చాలంటే అద్దె అగ్రిమెంటు కావాలన్నారు. అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే, నేను చెల్లెలి కూతుర్ని కానని ఆవిడే సంతకం పెట్టి ఒప్పుకోవాలి కదా! పదిరోజులు తటపటాయించి చెప్పాను. ఆవిడ విని, "సాక్షులు ఇద్దరు కావాలి కదూ?" అన్నారు.

మా ఆస్పత్రివాళ్ళని తీసుకొస్తానన్నాను. ఎవరికీ తెలియకుండా పోతుందని నా ఆశ.

"వద్దు. ఎవరి దగ్గర అబద్ధం చెప్పేనో వాళ్ళే సంతకం పెట్టాలి," అన్నారు. పాస్టరమ్మగారినీ పక్కింటి మాస్టారినీ, సంగతేమిటో చెప్పకుండా, తనే ఆటో మాట్లాడి వెంటబెట్టుకొచ్చారు.

డాక్యుమెంటు రైటరు ఆవిడ పాత విద్యార్థి. లేచి నిలబడి, "మీ చెల్లెలుగారి అమ్మాయికి అద్దె కాయితం ఎందుకండీ టీచరుగారూ?" అన్నాడు.

"చెల్లెలి కూతురు కాదు నాయనా. ఈ పిల్ల నాకేమీ కాదు. మొగుణ్ణి వదిలేసి వచ్చి నా ఇంట్లో అద్దెకుంటోంది. మూడేళ్ళబట్టీ నేను అబద్ధం చెప్తున్నాను. నువ్వు రాయి."

నా మంచికే అంటున్నారని తెలుసు. అయినా ఆ 'ఏమీ కాదు' అన్నమాట వింటే ప్రాణం ఉసూరుమంది. పాస్టరమ్మగారి ముఖం ఎర్రబడింది. "మాతో కూడా చెప్పలేదేటండీ?" అన్నారు.

"చెప్తే గది ఇవ్వనిచ్చేవారేటండీ?"

పాస్టరమ్మగారు రైటరు బల్ల దగ్గరికి జరిగారు. పెన్ను అడిగి చేత్తో పట్టుకున్నారు. రైటరు పదకొండు నెలలకని చదవగానే పెద్దమ్మగారు ఊరుకోలేదు. "పన్నెండో నెల ఈ పిల్ల ఎక్కడికి పోతుందిరా?" అని గద్దించి, అద్దెకున్నవారికి ఇష్టమైనన్నాళ్ళూ ఉండవచ్చునని అందులో రాయించేదాకా కదల్లేదు. అప్పుడు పాస్టరమ్మగారూ మాస్టారూ సాక్షి సంతకాలు పెట్టారు.

ఆ ఆదివారం ఆవిడ సండే స్కూలు చెప్పలేదు. "ఈ నోటితో ఏం చెప్తాను," అని చర్చిలో చివరి బెంచీ మీద కూర్చున్నారు. ఆ తర్వాత రెండు ఆదివారాలూ అంతే. చూసి తట్టుకోలేక, గది ఖాళీ చేసి పోతానన్నాను. "పోతే కాళ్ళు విరగ్గొడతాను. నీకు గది ఇచ్చినందుకు కాదు, నమ్మినవాళ్ళని మోసం చేసినందుకు నా బాధ," అన్నారు. నాలుగో వారం పాస్టరమ్మగారు గుమ్మంలోకొచ్చి, "పిల్లలు నా మాట వినట్లేదండి, చర్చి పీకి పందిరేస్తున్నారు. మీరొచ్చి కాస్త అదమాయించాలండి," అన్నారు. పెద్దమ్మగారు "ఆయ్, వస్తానండి," అని పైటకొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఉద్యోగం పిలుపు ఆవిడ ఇంటికే వచ్చింది. కవరు చింపకుండా, ఎర్రటి ఎండలో ఆస్పత్రికి నడిచొచ్చి నా చేతికిచ్చారు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ కాగితం పెట్టినదే.

ఫోనొచ్చిన మర్నాడు అమలాపురం సమాధుల తోటలో చాలామంది చేరారు. పెట్టె దించాక పాస్టరుగారు, "కుటుంబ సభ్యులు వచ్చి మట్టి వెయ్యండి," అన్నారు. కాట్రేనికోన నుంచి వచ్చిన చెల్లెలుగారు, ఆవిడ పిల్లలు ముందుకు నడిచారు. నేను జనంలోకి వెనక్కి జరిగాను. పాస్టరమ్మగారు జనాన్ని తప్పించుకుని వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు.

"నేను కుటుంబం కాదు కదండీ," అన్నాను.

"సాక్షి సంతకం పెట్టినదాన్ని, ఎవరేమిటో నాకు తెలీదేటమ్మా? రా."

తీసుకెళ్ళి ఆ పిల్లల వరసలో నిలబెట్టారు. చెల్లెలుగారి అసలు కూతురు కాస్త పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. ముందురోజు వానకి మట్టి ఇంకా తడిగానే ఉంది. గుప్పెడు తీసి వేశాను. సగమే పడింది, తక్కిన సగం వేళ్ళ సందుల్లో అంటుకుపోయింది.