పెరట్లో పాతిన రాగి తీగలు

రెండు వేల ఐదు ప్రాంతంలో సంగతి. మహారాష్ట్ర అంచున సిరొంచలో మా పెరడు చిన్నది. లైసెన్సు తీసుకుని ఇంటి నుంచే దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే హామ్ రేడియో కోసం అందులో ఒక పొట్టి నిలువు యాంటెన్నా మాత్రమే నిలబెట్టుకోగలిగాను. నా మాట దూరం వెళ్లేది కాదు. దాని అడుగున నలువైపులా రాగి తీగలు పాతితే బలం పెరుగుతుందని అహేరి గ్రంథాలయంలో చదివాను. నాకు రేడియో నేర్పిన గురువు ఆ గ్రంథాలయమే. ఒక ఆదివారం పొద్దున గడ్డపార పట్టి, మధ్యాహ్నానికి తీగలన్నీ పాతేశాను.

సాయంత్రం పోలీసులు వచ్చారు. నక్సలైట్ల మందుపాతరల భయంతో బతికే ఊళ్లో నేను మట్టిలో వైర్లు పాతడం ఎవరో చూసి చెప్పారట. లోపలికి పరుగెత్తి లైసెన్సు తెచ్చి చూపించాను.

"లైసెన్సు మాట్లాడేటందుకు ఇచ్చిండ్రు, వైర్లు పాతేటందుకు కాదు. జర గోడకాడ నిలబడు," అన్నాడు హవల్దారు.

"నలుగురికి చెప్పి పాతితే ఏం పోయేది?" అని గొణిగింది మా ఆవిడ.

నన్ను జైలుకు తీసుకుపోతారనే అనుకున్నాను. వాళ్లు ఒక్కో తీగ వెంట మెల్లగా తవ్వుకుంటూ వెళ్లారు.

"ఈ వైరు కొసకు ఏముంది?"

"ఏం లేదు సాబ్."

"దానికి?"

"దానికీ ఏం లేదు."

"ఏం లేనిదానికి గింత కష్టం ఎందుకు పడ్డవ్?"

తీగలన్నీ పీకి, నన్ను వదిలేశారు. పుస్తకం నేల గురించి చెప్పింది, అది ఏ ఊరి నేలో నేను చూసుకోవలసింది.

తర్వాతి వారం విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన రేడియోలో, నా గొంతు బలహీనంగా ఉందని, యాంటెన్నా కింద తీగలు పాతుకోమని ఓపిగ్గా వివరించారు.

"అట్లనే సార్," అని సెట్టు కట్టేశాను.