పొగమంచు ఓడలో సరంగు

మా మొయినాక్ ఊరి లైబ్రరీలో ఖాళీగా పడున్న గదిని ఎర్నజర్‌కి ఇచ్చింది నేనే. గురువారం మధ్యాహ్నాలు అక్కడ ఓడదొంగల ఆట నడిచేది. బల్ల మీద పాత సముద్రపు పటం, పాచికలు, చెక్కతో చెక్కిన బొమ్మలు. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో ఓడదొంగ. జరిగేదంతా చెప్పేవాడు ఎర్నజర్. సముద్రం ఎండిపోయి, మమ్మల్ని వదిలిపోయి నలభై ఏళ్ళు దాటింది. కిటికీ అవతల ఇసుకలో పడవలు తుప్పు పడుతున్నాయి. పటంలో మాత్రం నీళ్ళు ఇంకా ఊరి గుమ్మంలోనే ఉన్నాయి.

ఎర్నజర్ ఒకప్పుడు చేపల కార్ఖానాలో మెకానిక్. అది మూతపడ్డాక రేడియోలు బాగుచేశాడు, ఒంటెలు కాశాడు. పెళ్ళి చేసుకోలేదు. కుర్రకారు ఫోన్లలో ఓడదొంగల ఆటలాడటం చూసి, తన ఆట తనే కట్టుకున్నాడు.

"ఫోన్లో దొంగ చస్తే మళ్ళీ లేస్తాడు. అదేం చావు? నా దగ్గర చస్తే చచ్చినట్టే," అనేవాడు. చచ్చిన దొంగ వివరాలు రాసుకున్న కాగితాన్ని అక్కడికక్కడే పొయ్యిలో వేసేవాడు.

ఆ నియమం ఒక్కడికి మాత్రం లేదు. పొగమంచులోంచి వచ్చే ఓడకు ఒక సరంగు ఉండేవాడు. పేరు లేదు. ఎన్నిసార్లు ముంచినా తర్వాతి గురువారానికి వచ్చేసేవాడు. "ఎడమచేత్తో తాడు ముడేస్తున్నాడు. రెండుసార్లు దగ్గాడు," అని ఎర్నజర్ మెల్లగా చెప్తుంటే గది చల్లబడేది. కిటికీ వేద్దామని నేను లేచేదాన్ని. అది వేసే ఉండేది.

ఆ ఎడమచెయ్యి ఎవరిదో ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. ఎర్నజర్ పద్నాలుగో ఏట వాళ్ళన్న జల్గాస్ చేపల వేటకెళ్ళి తుఫానులో తిరిగిరాలేదు. శవం దొరకలేదు. పోయినవాళ్ళ కోసం మేం గురువారం నూనెలో ఏడు రొట్టెలు వేస్తాం. ఆ వాసనే వాళ్ళకందే తిండి. బతికున్నవాడి పేరున వేస్తే మాత్రం వాడి చావు కోరినట్టే. అందుకే ఆనాడు ఎర్నజర్ వదిన చేతిలోంచి బాణలి లాక్కున్నాడు. "అన్న వస్తాడు," అన్నాడు. ఇంట్లో మిగిలిన మగదిక్కు అతనొక్కడే. ఆమె ఊరుకుంది. తర్వాత సముద్రం అడుగు బయటపడింది. ఆ నేలంతా ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగి, ఎవరిదో ఒక బూటు తెచ్చుకున్నాడు. బాణలి మాత్రం తిరిగివ్వలేదు.

పోయిన చలికాలం ఆ వదిన, బీబినాజ్, కర్ర పొడుచుకుంటూ ఆటగదికి వచ్చింది.

"ఏం వదినా, దారి తప్పావా?"

"నాకూ ఒక దొంగ వేషం ఇవ్వు. ఇన్నాళ్ళు మంచిదాన్నయి ఏం బావుకున్నాను?"

అందరూ నవ్వారు. బడి పంతులమ్మ తజిగుల్ కుర్చీ జరిపింది.

"వంటమనిషి వేషం చాలు. ఉందా, మీ దొంగలు గాలి తిని బతుకుతారా?"

"ఉప్పుచేప తిని బతుకుతున్నామక్కా. మీరొచ్చారు, ఇక పండగే," అంది తజిగుల్.

ఆట సాగింది. పొగమంచు వచ్చింది. ఓడ వచ్చింది. రెండు దగ్గులు. తజిగుల్ పాచికలు అందుకుంది. "ఫిరంగి పేలుస్తున్నా!"

"ఆగమ్మా," అంది బీబినాజ్. "నేను పొయ్యి వెలిగిస్తున్నా. బాణలి పెట్టాను. నూనె కాగింది."

ఎర్నజర్ పటం మీంచి తలెత్తాడు. "ఎదురుగా శత్రువుంటే వంటేంటి వదినా?"

"శత్రువెవడు? ఏడు రొట్టెలు వేస్తున్నా. వాసన ఆ ఓడకి చేరిందా లేదా, అది చెప్పు."

అతను పాచికలు తీసుకున్నాడు. ఆమె వాటి మీద చెయ్యి పెట్టేసింది. "అవి కాదు. నువ్వు చెప్పు."

"చేరితే వాడు వెళ్ళిపోతాడు."

"నీకు తోడు కావాలని మీ అన్నని యాభై ఏళ్ళుగా తడిబట్టల్లో నిలబెట్టావురా అబ్బాయ్. నాకు డాక్టరు వేసవిదాకా అన్నాడు. నేనూ పోతే ఆయనకి బాణలి పెట్టేదెవరు?"

గదిలో నూనె లేదు, బాణలి లేదు. అయినా కాగిన నూనె వాసన నాకు తెలిసింది. తజిగుల్ కూడా తలుపు వైపు చూసింది.

"చేరింది," అన్నాడు ఎర్నజర్. పటం మీదికి వంగి మళ్ళీ అన్నాడు: "తాడు వదిలేశాడు. ఈసారి దగ్గలేదు."

సరంగు కాగితం మీద ఇన్నాళ్ళు ఖాళీగా ఉంచిన చోట 'జల్గాస్' అని రాశాడు. లేచి పొయ్యిలో వేశాడు. అది అంటుకునేదాకా బీబినాజ్ అతని మోచెయ్యి పట్టుకునే ఉంది.

తర్వాతి గురువారం ఆమె వాకిట్లో నిజంగానే నూనె కాగింది. పిండి ఆమె ఒత్తింది, రొట్టెలు అతను తీశాడు. ఆరు రొట్టెలు ఇరుగుపొరుగు ఇళ్ళకు పోయాయి. ఏడోది తెచ్చి ఆటగదిలో ఖాళీ కుర్చీ మీద పెట్టాడు. వేసవి రాకముందే బీబినాజ్ పోయింది. ఇప్పుడు రెండు పేర్లమీద బాణలి పెడుతున్నది ఎర్నజరే.

ఆటలోకి పొగమంచు ఓడ మళ్ళీ రాలేదు. అయినా గురువారం ఆ గది తాళం తీసేముందు నేను గుమ్మంలో ఆగి, లోపలెవరైనా ఉంటే తెలిసేలా రెండుసార్లు దగ్గి మరీ లోపలికి వెళ్తాను.