అత్త బొట్టు తీసిన పూట

మా బంధువుల్లో ఎవరిని కదిలించినా మా అత్త చావు గురించి ఒకే ముక్క చెబుతారు: "పసుపుతాడు మీద పంతానికి పోయి ప్రాణం తీసుకుంది." పెళ్ళి పందిళ్ళలో, దినాల భోజనాల్లో ఈ కథ విని విని నాకు విసుగెత్తిపోయింది. అబద్ధం. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నేను, వాళ్ళు కాదు.

అత్తంటే మా నాన్న చెల్లెలు. మొగుడు కావలిలో ఇంకొకామెతో కాపురం పెట్టి ఈమెను వదిలేస్తే మా ఇంటికి వచ్చేసింది. నాన్నది ఉప్పు కొఠార్ల మీద సర్కారు ఉద్యోగం. సముద్రం పక్కనే క్వార్టర్సు. ఏ గిన్నె ముట్టుకున్నా జిగట, తలుపు గొళ్ళేలు తుప్పుపట్టి పొడిపొడిగా రాలేవి. అరవైల మొదట్లో మాట. నేను నెల్లూరులో బి.ఏ. చదువుతూ సెలవులకు ఇంటికొచ్చాను.

సిగ్గుపడి జబ్బు దాచిందని ఇంకో మాట కూడా అంటారు. దాచలేదు. నీళ్ళు పోసుకుంటుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలిన పూటే అమ్మను పిలిచి చూపించింది.

"చింతగింజంత ఉండాది వదినా. నొప్పి లేదు. నొప్పి లేకపోతేనే భయంగా ఉండాది" అంది.

రాచపుండు, క్యాన్సరు అనే మాట ఇద్దరూ పైకి అనలేదు. సాయంత్రం నాన్న ఇంటికి రాగానే అమ్మ చెప్పేసింది. మర్నాడు నాన్న ఆఫీసులో కనుక్కొని వచ్చాడు. ఉద్యోగి మీద ఆధారపడ్డవాళ్ళకు మద్రాసు పెద్దాసుపత్రిలో వైద్యం, కోత కోసినా, కరెంటు పెట్టి గడ్డ మాడ్చినా, సర్కారు ఖర్చు. చెల్లెలికీ వర్తిస్తుంది. అయితే పెళ్ళి కానిదై ఉండాలి, లేదా విధవై ఉండాలి. మొగుడు బతికున్న చెల్లెలిని చూసుకోవాల్సింది మొగుడట!

"వాడు పోయినాడని చెప్తాం. ఒక్క పూట బొట్టు తీసేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు నాన్న.

"వాడు కావలిలో అంగడి ముందర కూచోని సోడా తాగతా ఉండాడన్నా. ఈడ నేను వాణ్ణి ఎట్ట చంపేది?"

"ఆ చావేదో నిజంగా చస్తే పీడ పోను" అంది అమ్మ.

"నువ్వు మొక్కుకో వదినా, నేను అడ్డం రాను."

ముగ్గురూ నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో అదే వాదన. అత్త పంతమంటే ఇంతవరకే. కథ చెప్పేవాళ్ళంతా ఇక్కడ ఆపేసి చెయ్యి కడుక్కుంటారు.

ఒక పొద్దున అత్త నీళ్ళు పోసుకొని బయటికి వచ్చింది. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజుల్లేవు. మెడ బోసిగా ఉంది.

"పద అన్నా, బస్సు పోతాది. వాడు చచ్చినాడు" అంది.

నాన్న ఒక కాలికి చెప్పు తొడుక్కొని, రెండోది తొడుక్కోబోతూ తలెత్తి చూశాడు. చూసి అట్లాగే మెట్టు మీద కూలబడిపోయాడు.

"పెట్టుకో. పోయి పెట్టుకో పో" అన్నాడు.

"ముఖం సంగతి ఎందుకన్నా? గడ్డ ఉండేది రొమ్ములో గదా."

"నోరు మూసుకొని పెట్టుకోమంటే! నా చెల్లెలిని ఆ ముఖంతో ఊరేగించలేను నేను!"

అమ్మ ఏడుస్తూ కుంకుమ భరిణె తెచ్చి తన చేత్తోనే ఆమెకు బొట్టు పెట్టింది. "ఒద్దు వదినా, పోనీయి" అని అత్త తల తిప్పుకుంటూనే ఉంది. నేను నాన్నతో పోట్లాడాను. "నీ చదువు నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. ఆ లోపల బస్సు వెళ్ళిపోయింది. చెప్పండి, పంతం ఎవరిది?

మద్రాసులో ధర్మాసుపత్రి లేదా అని అడుగుతారు. ఉంది. నెలల తరబడి ఆ ఊళ్ళో ఎక్కడ ఉండాలి, వెంట ఎవరుండాలి? మాట ఎత్తిన ప్రతిసారీ "వచ్చే నెల చూద్దాం" దగ్గర ఆగేది. ఆకు పసర్లు కట్టారు, అంత్రాలూ తాయెత్తులూ కట్టారు. చివరికి గడ్డ పగిలి, గదిలోకి పోతే వాసన తట్టే దశలో మద్రాసు తీసుకుపోయారు. అమ్మానాన్నలతో నేనూ వెళ్ళాను. డాక్టరు చూసి, గుడ్డ కప్పేసి, "ఇంతకాలం ఏం చేస్తా ఉండావమ్మా?" అన్నాడు.

అత్త చెప్పింది: "సుమంగళిగా ఉండాను సార్."

ఆయనకు అర్థం కాలేదు. మేం ముగ్గురం తల వంచుకున్నాం.

పోయినప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి, పుణ్యస్త్రీ అని ఆమె పాదాలకు పసుపు రాసి, ఆమె నుదుటి కుంకుమ తమ నుదుట పెట్టుకున్నారు. కావలి నుంచి మొగుడు వచ్చి తలకొరివి పెట్టాడు. ఆ పనికి మాత్రం ఆయన మొగుడే.

కొన్నేళ్ళకు రూలు మారింది. మొగుడు వదిలేసిన చెల్లెలు కూడా అన్న మీద ఆధారపడ్డదేనని ఒప్పుకున్నారు. నాన్నతో పనిచేసే ఒకాయన చెల్లెలికి అదే జబ్బు, అదే చోట. బొట్టుతోనే మద్రాసు వెళ్ళింది, గడ్డ చిన్నగా ఉండగానే కోయించుకుంది. ఇప్పటికీ నెల్లూరు మార్కెట్లో వంకాయల బేరం దగ్గర నాకు కనిపిస్తుంది, గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. ఇద్దరు మనుషులతో లెక్క తేలదు, గడ్డకూ గడ్డకూ తేడా ఉంటుంది. నాకు తెలుసు, ఎవరూ నేర్పనక్కర్లేదు. అత్త అప్పుడే వెళ్ళినా బతికేది కాదేమో. కానీ రూలు మారకముందు అట్లా ఇళ్ళల్లోనే ఆగిపోయిన ఆడవాళ్ళను ఎవరూ లెక్కబెట్టలేదు.

అందుకే అడుగుతున్నా. మొగుడు ఎక్కడో బతికుంటే చాలు, ఆడదాని జబ్బు చూసుకునే మనిషి ఉన్నట్టేనని మొదట ఆ రూలు రాసినవాళ్ళు ఏ ఇంటిని చూసి అనుకున్నారు?