కంప్యూటర్ చెప్పిన అట్లతద్ది

ఏటా పంచాంగం పుస్తకం పంపే మా తమ్ముడు ఆ ఏడాది ఎగ్గొట్టాడు. అడగ్గా అడగ్గా దసరా ముందు ఒక సీడీ పంపి, "ఇంకా పుస్తకాలేమిటే అక్కా, మీ ఇంట్లో కంప్యూటర్ ఉందిగా" అన్నాడు. దేశ రాజధానిలో సాకేత్ దగ్గరి మా సర్కారీ క్వార్టర్స్‌లో తెలుగు ఆడవాళ్ళందరికీ నోములకీ వ్రతాలకీ తిథి చెప్పేది నేనే. "అక్కయ్యగారూ, వరలక్ష్మీ వ్రతం ఈ శుక్రవారమా, వచ్చే శుక్రవారమా?" అని ఫోన్లు. నేను చెప్పిందే వేదం. మావారి ఆఫీసరు హోదా మావారిది, నా హోదా నాది. అది పోతే ఆ ఊళ్ళో నాకింకేం మిగులుతుంది?

సీడీ ఎక్కించడం మావారి వల్ల కాలేదు. తెరమీద నీలం గీత నెమ్మదిగా సాగి, తీరా చివరికొచ్చి ఆగిపోయేది. ఏదో ఫైలు లేదని ఇంగ్లీషులో చీవాట్లు. సీడీ తీసి బనీను అంచుతో తుడిచారు. మళ్ళీ ఆగింది. దుమ్ము లేస్తోందని ఫ్యాను ఆపించారు. కరెంటు అదురుతోందని నా మిక్సీ ఆపించారు. ఓసారి ఎలాగో ఎక్కింది గానీ తెలుగు అక్షరాల చోట అన్నీ ఖాళీ గళ్ళే! దాన్ని తీసేసి మళ్ళీ మొదలు. నోయిడాలో రిపేరు చేసేవాణ్ణి పిలుద్దామంటే, "పార్లమెంటు ప్రశ్నలకి జవాబులు రాసేవాణ్ణి, నాకిదో లెక్కా?" అని నామీద ఎగిరారు.

గురువారం సాయంత్రం తలుపేసుకుని ఏం చేశారో ఏమో, "ఏమోయ్, ఇలా రా!" అని కేక. తెరమీద చక్కటి తెలుగులో 'రాబోయే పండుగ అట్లతద్ది, ఇంకా అయిదు రోజులు' అని ఉంది. మొగుడి ఆయుష్షు కోసం పగలంతా పస్తుండి, చంద్రుణ్ణి చూశాక అట్లు వాయనమిచ్చే నోము కదా, ఆడవాళ్ళు ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. వేళ్ళ మీద లెక్కపెట్టి, మంగళవారం అని అందరికీ ఫోన్లు చేసేశాను.

ఆదివారం పొద్దున నేను సుబ్బరంగా ఉప్మా లాగించి చెయ్యి కడుక్కుంటుంటే పై అంతస్తు పంజాబీ ఆవిడ వచ్చింది. "దీదీ, కల్ కర్వా చౌథ్ హై. దోపహర్ మే మెహందీవాలీ ఆయేగీ, ఆప్ భీ ఆనా."

రేపు వాళ్ళ పండగట, మధ్యాహ్నం గోరింటాకు పెట్టించుకోడానికి నన్నూ రమ్మంది. "అచ్ఛా, అచ్ఛా" అని నవ్వి తలుపేశాను. వేశాక గానీ వెలగలేదు. వాళ్ళ పండగ చవితినాడు, మనది ముందురోజు తదియనాడు. రేపు కర్వా చౌథ్ అయితే అట్లతద్ది ఇవాళే!

"ఏమండీ! ఏం చేశారు దీన్ని?"

మావారు లేచిన దగ్గర్నుంచీ ప్రింటర్ ఎక్కించే యాగంలో ఉన్నారు. తల తిప్పకుండా నసిగారు. "ఆ సీడీ ఎక్కించడానికి గడువు మంగళవారంతోనే అయిపోయిందిట. అందుకని కంప్యూటర్లో తేదీ కాస్త వెనక్కి జరిపాను. రెండే రెండు రోజులు. అవసరానికి మించి జరపలేదు సుమా!"

"ఎక్కాక ముందుకి జరపొద్దూ?"

"జరిపితే మళ్ళీ ఏ ఎర్రర్ వస్తుందోనని..."

ఏడుపు ముంచుకొచ్చింది. నా మాట నమ్మి కాలనీలో ఆడవాళ్ళందరూ టిఫిన్లు తినేసి ఉంటారు! ఇక నన్నెవరు అడుగుతారు? కళ్ళు తుడుచుకుంటుంటే బల్లమీద మూతపెట్టిన ప్లేటు కనిపించింది.

"మీరు ఉప్మా తిన్లేదా?"

"రెండు నిమిషాలన్నానుగా, ఇదిగో వస్తున్నా. పొద్దుటి కాఫీయే."

కాఫీని లెక్కలోంచి తీసేశాను. తిథులు చెప్పేదాన్ని, ఆమాత్రం అధికారం నాకుంది. "ఈ ఇంట్లో నోముకి పనికొచ్చేది మీరొక్కరే. ఉప్మా జోలికి వెళ్ళారంటే ఊరుకోను" అని ప్లేటు తీసేసి, ఫోను చేతికిచ్చి పక్కనే నిలబడ్డాను.

"నమస్కారమమ్మా, అట్లతద్ది ఇవాళేనండి. పొరపాటు మా ఆవిడది కాదు, నాది." ప్రతి ఇంటికీ ఇదే. రెండో వాక్యం గొణిగినప్పుడల్లా గిల్లాను.

సాయంత్రం అందరూ అట్లు పట్టుకుని మా డాబా మీదికి వచ్చారు. మావారు నీరసంగా పిట్టగోడకి ఆనుకుని, చంద్రుడి కోసం మాకంటే ఆత్రంగా చూశారు. చంద్రుడు కనిపించగానే మాలో పెద్దావిడ, "మేమంతా తినేసి వచ్చినవాళ్ళం. ఉపవాసమున్నది మీరే, మొదటి వాయనం మీకే బాబూ" అని ఆయన చేతుల్లో అట్లు పెట్టింది. "ఇంతకీ ఎవరి ఆయుష్షు కోసం ఉన్నట్టు?"

"ఈవిడ కోసమే" అన్నారు మావారు, అట్టు తుంపుతూ. "తిథులు చెప్పే మనిషి ఉండాలిగా."

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం సగం పోయింది. మిగతా సగం ముందుముందు పనికొస్తుందని దాచుకున్నాను.

మంగళవారం పొద్దున కంప్యూటర్ పెట్టగానే 'ఈ రోజు అట్లతద్ది' అని పడింది. మావారు ఆఫీసుకి తయారై వచ్చి, వేడివేడి ఇడ్లీల ముందు కూర్చోకుండా కుర్చీ పట్టుకుని నిలబడ్డారు.

"ఇవాళ తినొచ్చునా?"

"ఆగండి" అన్నాను. "పైనావిడని అడిగొస్తాను."