ఎండు రొయ్యల బాణీ

2006 జూన్‌లో నన్ను టేకులపల్లి పునరావాస కేంద్రానికి మ్యూజిక్ థెరపిస్టుగా వేశారు. హోదాలో ఫిజియోథెరపిస్టు తర్వాత, వంటమనిషికి ముందు. ఊళ్లో మాత్రం నేను "పాటల మేడం". పాటలకే రోగం పోతే డాక్టర్లెందుకని నవ్వేవాళ్లు. ఆ మాట మొదట అన్నది మా డాక్టరు గారే.

ఆ వానాకాలం యాకోబు గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది, నోట "ఆ ఆ" తప్ప రాదు. ఇలాంటివాళ్లలో కొందరికి మాట పోయినా పాట మిగులుతుంది. తెలిసిన పాటలో ఒక ముక్క పట్టుకుని, రోగి ఎడమచేతి మీద అక్షరానికొక తట్టు వేస్తూ పాడిస్తాం. నోరు తిరిగాక అదే బాణీలోకి అవసరమైన మాటలు ఎక్కిస్తాం. ఎనిమిది వారాల్లో ఒక్క మాటైనా రాకపోతే కేసు మూసేయాలని నిబంధన. మేం మూసేస్తే ఆయన్ని పట్టించుకునే చోటు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు.

మొదటి పని అభిరుచి పత్రం. ఇంట్లో చదువుకున్నవారితో నింపించాలి. పెద్దకొడుకు ఇమ్మానుయేలు బడిపంతులు, చర్చిలో సంఘపెద్ద. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. వృత్తి: వ్యాపారం. ఇష్టమైన పాటలు: క్రైస్తవ కీర్తనలు. నేనూ చర్చిలో హార్మోనియం వాయిస్తూ పెరిగినదాన్నే, ప్రాణం లేచొచ్చింది. ఆరు వారాలు ఆ గదిలో నిరాటంకంగా ఆరాధన జరిగింది. యాకోబు గారు మర్యాదగా విన్నారు, తరచుగా నిద్రపోయారు. దాన్ని నేను నివేదికలో "ప్రశాంతత" అని రాశాను.

ఏడో వారం కొడుక్కి బడిలో తనిఖీ ఉండి, యాకోబు గారి భార్య మరియమ్మ ఆయన్ని లోపలికి తీసుకొచ్చింది. అన్నాళ్లూ ఆవిడ వరండాలోనే కూర్చునేది. నేను హార్మోనియం తెరవగానే నసిగింది.

"ఏమనుకోకుర్రి మేడం. ఆయన చర్చిల గూడ గిట్లనే నిద్రవోతడు."

మరి ఏం పాడతారని అడిగాను.

"పాటలేంది మేడం? ముప్పై ఏండ్లు సంతలల్ల ఎండు చేపలు అమ్మిండు. అరిచిండంటే సంత ఆ కొసకు వినొచ్చేది. కొడుకు సార్ అయినంక ఇజ్జత్ పోతదని బంద్ చేపిచ్చిండు."

ముందే ఎందుకు చెప్పలేదన్నాను. "నన్నెవరు అడిగిన్రు?" అంది.

ఆ అరుపేదో వినిపించమన్నాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని అంది: "ఎండు రొయ్యలోయ్, ఉప్పు చేపలోయ్, రావే యక్కా, రావే!"

హార్మోనియం మూసి, ఆయన చేతిమీద తట్టడం మొదలుపెట్టాను. రెండోసారికి పెదవులు కదిలాయి. నాలుగోసారికి గది దద్దరిల్లింది: "రావే యక్కా, రావే!" ఫిజియోథెరపిస్టు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. మరియమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కొంత సంతోషంతో, ఎక్కువ సిగ్గుతో. నివేదికలో మాత్రం "ప్రాంతీయ లయ ఆధారిత పద్ధతి" అని రాసుకున్నాను. డాక్టరు గారు మెచ్చుకున్నారు.

కొడుకు మెచ్చుకోలేదు. "గిదేం వైద్యం మేడం? ఊరంత నవ్వుతున్నరు" అని కోప్పడి వెళ్లాడు. ఎనిమిదో వారానికి అదే బాణీలో "నీళ్లు తే", "మరియా, రావే" కూడా వచ్చాయి, కేసు నిలబడింది. తండ్రి తల్లిని పేరుపెట్టి పిలుస్తున్నాడని తెలిసిన మర్నాడు ఇమ్మానుయేలు ఒంటరిగా వచ్చాడు.

"నా పేరు గూడ ఎక్కిస్తరా మేడం?" అన్నాడు. కీర్తన బాణీలో కుదురుతుందా అనీ అడిగాడు. కుదరదన్నాను.

నాలుగు రోజుల సాధన తర్వాత, రోగులతో నిండిన ఆవరణలో యాకోబు గారు గొంతెత్తారు: "ఇమ్మానుయేలోయ్, రారా కొడకా, రారా!" గేటు దగ్గరున్న సంఘపెద్ద అందరూ చూస్తుండగా "అవ్ నాయినా, వస్తున్న!" అని అరిచి పరుగెత్తాడు.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, రోగికి ఏ పాట ఇష్టమని అడగలేదు. ఏ పని చేసి బతికారని అడిగాను, అదీ వరండాలో కూర్చున్న మనిషిని. కీర్తనలు ఆదివారానికి ఉంచుకున్నాను.