అచ్చమ్మ చెట్టు

పోర్టు స్టోర్సులో గుమాస్తా విజయ కుమారిని బెంగాలీల గడ్డ మీద తెలుగువాళ్లుండే ఖిదిర్‌పూర్ క్వార్టర్సంతా కంప్యూటర్ దీదీ అంటుంది. ఆ విద్య ఆమెకెవరూ నేర్పలేదు. పెళ్లి చేసుకోమని పోరినవాళ్లు విసిగి నోళ్లు మూసుకునేనాటికి ఆమె కంప్యూటర్ పొట్ట విప్పి మళ్లీ బిగించడం దాకా వచ్చేసింది. మొండి మనిషి. అంత మొండిది కాకపోతే ఇప్పుడు నెత్తికెత్తుకున్న పని ఎప్పుడో వదిలేసి హాయిగా కూర్చునేది.

2008లో ఆ మొండితనం తెలుగు చర్చి కుటుంబాల మీద పడింది. భీమిలి నుంచి ఎవరొచ్చారు, టెక్కలి నుంచి ఎవరొచ్చారు, ఎవరి కూతుర్ని టికియాపారా రైల్వేవాళ్లకిచ్చారు, అన్నీ చర్చి గదిలోని పాత కంప్యూటర్లో ఒక వికీగా కూర్చసాగింది, ఎవరైనా తెరిచి దిద్దుకునేలా. సమాచారం చాలావరకు పెద్దమ్మ అచ్చమ్మ చెప్పిందే, మిగతాది చర్చి రిజిస్టర్లోది. ఎనభై రెండేళ్ల అచ్చమ్మకు ఈమధ్య మతిమరుపు ముదిరింది. మొన్న సొంత కొడుకు కృపాదానాన్నే "ఎవుల అబ్బాయివి బాబూ?" అని అడిగింది. చిత్రమేమిటంటే విజయ పేరు మాత్రం ఒక్కసారీ తప్పలేదు. విజయకు లోలోపల అదో గర్వం.

పేర్లు వరసగా చదివి వినిపిస్తే పెద్దమ్మ తికమకపడుతోంది. వంశాన్ని చెట్టులా కొమ్మలు గీసి చూపిస్తే గుర్తుపడుతుందేమోనని విజయ ఆశ. బొమ్మ గీసే ప్రోగ్రాము ఎక్కించింది. తను కమాండు కొడితే అది నిక్షేపంలా గీస్తోంది. దాన్ని పిలిచి వికీ పేజీలో బొమ్మ పెట్టాల్సిన అదనపు ముక్క, ఎక్స్‌టెన్షన్ మాత్రం ఎప్పుడు చూసినా ప్రోగ్రాము దొరకలేదంటుంది. మూడు శనివారాల పాటు దాన్ని తీసేసింది, మళ్లీ ఎక్కించింది, అనుమతులు సరిచూసింది. తిట్టింది, ప్రార్థన చేసింది, మళ్లీ తిట్టింది. ఈలోగా పెద్దమ్మ మరో నాలుగు పేర్లు మరిచిపోయింది.

నాలుగో శనివారం మధ్యాహ్నం కొత్త పోస్ట్‌మన్ చర్చి గదిలోకి తొంగిచూశాడు. అతని చేతిలో కవరు మీద "అచ్చమ్మ గారు, ఖిదిర్‌పూర్" అని ఉంది, అంతే. క్వార్టర్సుకు వచ్చే తెలుగు ఉత్తరాలన్నీ ఆ తీరే. ఇంటి నంబరు రాస్తే మనవాళ్లను పరాయి చేసినట్టని వీళ్ల నమ్మకం.

"మూడ్రోజులుగా తిరుగుతున్నాను దీదీ. ఆవిడ ఇల్లు మీకందరికీ తెలుసు. నాకెవరు చెబుతారు?" అన్నాడు బెంగాలీలో.

విజయ నవ్వబోయి ఆగిపోయింది. ప్రోగ్రాము ఎక్కడుందో తన ఖాతాకు తెలుసు, ఎక్కడ వెతకాలో ఎప్పుడో తనే చెప్పిపెట్టింది. వికీని నడిపేది వేరే ఖాతా. ఒట్టి పేరు చేతికిస్తే ఆ కొత్తది ఎక్కడని వెతుకుతుంది? తనూ క్వార్టర్సు మనిషిలాగే చేసింది. కవరు తీసుకుని పోస్ట్‌మన్‌కు క్షమాపణ చెప్పి, సెట్టింగుల్లో ప్రోగ్రాము పేరు కొట్టేసి, మొదటి ఫోల్డరు నుంచి అదున్న చోటు దాకా పూర్తి దారి రాసింది. పేజీ మళ్లీ తెరిచేసరికి చెట్టు తెర నిండా పరుచుకుంది.

పరుగున వెళ్లి పెద్దమ్మను నడిపించుకొచ్చింది. అచ్చమ్మ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. కృపాదానం పేరు పక్కన, ఎడమవైపు ఖాళీలో వేలు పెట్టింది.

"ఒలే విజయా, ఇదేటి? ఈ పిల్లని ఒగ్గేసినావు."

"చర్చి రిజిస్టర్లో ఇంకెవరూ లేరు పెద్దమ్మా."

"ఎలాగుంటాది? బాప్తిస్మం అవకుండానే పోనాది. పదకొండు రోజులు బతికినాది. నా తొలిచూలు పిల్ల."

ఆ సంగతి విజయ ఎప్పుడూ వినలేదు. "పేరు పెట్టావా?" అంది మెల్లగా.

"పెట్టకేటి? విజయ కుమారి. నువ్వు పుట్టినప్పుడు మీ యమ్మని బతిమాలి ఆ పేరే నీకెట్టించినాను."

కృపాదానం కంటే ముందు, విజయ తన పేరు తనే టైపు చేసింది. కళ్లు మసకబారి రెండుసార్లు తప్పు కొట్టింది. అచ్చమ్మ పక్కనే కూర్చుని, అది పూర్తయ్యేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు.