పుస్తకాల అరబ్బీ

నరసరావుపేట గ్రంథాలయంలో కూర్చుని హిందీ, ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మలేషియాలో పని చేసిన రోజుల్లో మలయ్ భాషనూ పుస్తకాలతోనే పట్టాను. అందుకే డ్రైవరు పనికని మస్కట్‌లో దిగగానే అక్కడి లైబ్రరీ వెతుక్కుని, పిల్లల వాచకాలతో అరబ్బీ మొదలుపెట్టాను.

నా గదిలోనే ఉండే క్రోసూరు డ్రైవరు నాకు వరసకు బావ. నా అరబ్బీ విని పడీ పడీ నవ్వేవాడు.

"ఏంది బావా, రొట్టె అడగటానిక్కూడా రేడియోలో వార్తలు చదివినట్టేనా? రేపు లైసెన్సు పరీక్షలో నోరు తెరవమాక. తలకాయ ఊపు, చాలు."

లైసెన్సు రాకపోతే తిరిగి పంపేస్తామని కంపెనీ వాళ్ళు ముందే చెప్పారు. ఇన్‌స్పెక్టరు గబగబా మాట్లాడే వాడుక అరబ్బీ అర్థంకాక అప్పట్లో మొదటిసారి బావే పరీక్ష తప్పాడు. నేను మాత్రం బండెక్కగానే నా పుస్తకాల భాషలో, "అయ్యా, ఎటు వెళ్ళాలో సెలవివ్వండి" అన్నాను.

ఆయన ఫక్కున నవ్వాడు. తరవాత తనూ బడిలో చదువుకున్న ఆ భాషలోకే మారి, ఒక్కొక్క మాటా నిదానంగా పలికాడు. అన్నీ నేను చదివిన మాటలే. చెప్పినట్టల్లా నడిపాను.

బండి ఆపాక, "ఇంకో నాలుగు ముక్కలు మాట్లాడు" అన్నాడు. పాసైన కాగితం చేతిలో పెట్టేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.